ఆగిన పెన్నుల లెక్క

ముందు చప్పుడు వచ్చింది. రేకు మీద రేకు కొట్టుకుంటున్న చప్పుడు, ఆగకుండా, ఒకే తీరుగా. స్టాఫ్ రూములో కూర్చున్న అరుణ కిటికీలోంచి చూసింది. వేపచెట్ల కింద ఎర్రమట్టి దారి ఖాళీగా ఉంది. ఎండ ఆకుల సందుల్లోంచి చిల్లర చిల్లరగా రాలుతోంది. మనిషి లేడు, చప్పుడు మాత్రం దగ్గరవుతోంది.

"బుచ్చిరాములు సారు వస్తాండు," అన్నాడు అటెండర్ మొగిలి, కుండలో నీళ్ళు పోస్తూ. "సైకిల్ మడ్‌గార్డు నట్టు ఊడి ఆర్నెల్లాయె మేడం. బిగిస్త సారూ అంటే, మంచిగనే ఉన్నది గదా అంటడు. ఆయన కాశిబుగ్గల బయల్దేరితే మనకు ఈడ ఎరుకైతది."

అది 1978 జూన్. యూనివర్సిటీ కింద నడిచే ఆ సైన్సు కాలేజీలో గణితం లెక్చరర్‌గా అరుణ చేరి రెండు రోజులైంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. తండ్రి గూడ్సు బండి గార్డు. ఇంట్లో ఉద్యోగం చేస్తున్న మొదటి ఆడపిల్ల కనుక, ఆమె కొత్త చెప్పుల దగ్గర్నుంచి ఆమె భయాల దాకా అన్నీ ఇంటిల్లిపాదివీ అయ్యాయి.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడాది ఒక సీనియర్ చేతికింద ఉండాలి. ఆ సీనియర్ వారానికొకసారి వచ్చి క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుంటాడు. ఏడాది చివర ఆయన రాసే రిపోర్టును బట్టే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆఫీసు కాగితాల్లో దానికేదో పొడుగాటి పేరుంది గానీ, స్టాఫ్ రూములో అందరూ 'అత్తింటి సంవత్సరం' అనేవాళ్ళు. గణితశాఖలో పదేళ్ళుగా ఆ అత్త బుచ్చిరాములు సారే.

ఆయన లోపలికి వచ్చాడు. సన్నగా పొడుగ్గా, నేత చొక్కాలో, చెమట పట్టిన నుదురుతో. ఏటి అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు పెద్ద గొంతుతో అన్నాడు.

"నువ్వేనా అమ్మా అరుణవు? నాకు భయపడకు. నేను కూసునేది నిన్ను చూసెటందుకు కాదు, పిల్లలను చూసెటందుకు."

వెంటిలేటర్‌లో పిచ్చుకలు లేచిపోయాయి. మొగిలి నవ్వు ఆపుకోవడానికి కుండ వైపు తిరిగాడు.

మొదటి క్లాసులో అరుణ నలభై అయిదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. బోర్డు నిండింది, తుడిచింది, మళ్ళీ నిండింది. తనకు తెలిసినదంతా ఒక్క గంటలో ఇచ్చేయాలన్న ఆత్రం. ఆయన చివరి బెంచీలో చిన్న నోటుపుస్తకం తొడ మీద పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ఏదో గీస్తూ కూర్చున్నాడు. క్లాసయ్యాక వరండాలో ఆమె చేతిలో ఒక చీటీ పెట్టాడు.

'12 నిమి: ఇరవై. 16 నిమి: ముప్పై అయిదు. 20 నిమి: యాభై ఎనిమిది.'

"ఇవేంది సార్?"

"ఆగిన పెన్నులు. అరవై మందిల ఇరవై నిమిషాలు దాటినంక రాసినోళ్ళు ఇద్దరే, ముందు బెంచోళ్ళు. వాళ్ళు నువ్వు రాకున్నా రాస్తరు."

అరుణ ముఖం ఎర్రబడింది. "నేను చెప్పిందాంట్ల తప్పుందా సార్?"

ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అలా చూడటం మొదట ఆమెకు ఇబ్బందిగా తోచేది.

"నువ్వు చెప్పింది బోర్డుకు చెప్పినవమ్మా. బోర్డుకు లెక్కలు ముందే వచ్చు."

ఆయన నియమాలు కొన్నే. రాసేటప్పుడు మాట్లాడవద్దు, మాట్లాడేటప్పుడు రాయవద్దు. చాక్‌పీసు పట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవద్దు. మాట మధ్యలో మింగవద్దు. చివరి బెంచీ పిల్లవాడి ముఖం కనబడే చోట నిలబడి, ఒక వాక్యం చెప్పి, ఆ ముఖం చూడాలి. అక్కడికి చేరిందనిపిస్తేనే ఇంకో వాక్యం. ఇక సందేహాలు నోటితో అడిగించకూడదు. అడగదలచినవాడు లేచి వచ్చి, ఎక్కడ ఆగిపోయాడో బోర్డు మీద రాయాలి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇది ప్రాణానికి హాయిగా ఉండేది. లేచి నిలబడి మాట్లాడాలంటే జంకేవాళ్ళు, చాక్‌పీసు చేతికిస్తే మాత్రం ధైర్యంగా రాసేవాళ్ళు.

మొదటి చీటీ అందిన సాయంత్రం కాజీపేట బస్సులో అరుణకు కోపం వచ్చింది. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడితే కోపం తగ్గి సిగ్గు మిగిలింది. వాక్యాల చివరి మాటలన్నీ ఆమె నిజంగానే మింగేస్తోంది.

వానలు వచ్చాయి. చీటీల మీద అంకెలు తగ్గుతూ వచ్చాయి. ముప్పై, పదిహేడు, తొమ్మిది. సెప్టెంబరులో ఒకరోజు ఆయన చేతిలో పెట్టిన కాగితం మీద ఏమీ లేదు, ఉత్త తెల్ల చీటీ. ఆమె దాన్ని మడిచి పర్సులో దాచుకుంది. మొగిలి చూసి, "ఏం మేడం, లవ్ లెటరా?" అన్నాడు. "దానికంటే ఎక్కువ," అంది అరుణ.

అక్టోబరులో ఒక ఆదివారం ఆయన ఇంటికి పిలిచాడు. కాశిబుగ్గ సందులోకి తిరగగానే గాలి మారిపోయింది. మర మగ్గాల్ని అక్కడ సాంచెలంటారు. అటు ఇటు షెడ్లలో సాంచెలు ఆడుతున్నాయి. ఆ మోత చెవుల్లోకి కాదు, పళ్ళలోకి, ఎముకల్లోకి దిగుతోంది. ఇంటి అరుగు మీద బుచ్చిరాములు సార్ నిలబడి ఎదుటి షెడ్డులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గొంతు లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. లోపల సాంచె దగ్గరున్న మనిషి నవ్వి, తనూ పెదవులతోనే ఏదో అన్నాడు.

"మొండయ్య," అని చెప్పింది సార్ భార్య విమలమ్మ, మంచినీళ్ళు ఇస్తూ. "ఇద్దరు ఒక్క షెడ్డుల పనిచేసిన్లు. ఈయన పన్నెండేండ్లు సాంచెల కాడనే. పొద్దుగాల సాంచెలు, పగటీలి సదువు. షెడ్డుల మనిషికి నోరుంటది గాని గొంతుండదు బిడ్డా. అందుకే బయటికొస్తే గిట్ల అరుస్తడు."

ఆమె ఏదైనా చెప్పాలంటే ముందు వెళ్ళి భర్త భుజం తట్టేది. ఆయన తిరిగి ముఖంలోకి చూశాకనే మాట్లాడేది. ఎంత ఆప్యాయంగా ఉంటారో వీళ్ళు, అనుకుంది అరుణ. వెళ్ళేముందు సార్ వీధి మలుపు దాకా వచ్చాడు. నడుస్తూ ఆమె అడిగిన రెండు మాటలకు ఆయన జవాబు చెప్పలేదు. ఆలోచనలో ఉన్నాడనుకుంది.

డిసెంబరులో ఒకరోజు క్లాసులో ఆమె నాలుక తడబడింది. అనంత శ్రేణి అనబోయి 'అనంత శనగలు' అంది. ఆ ముందు క్షణమే శనగలమ్మేవాడి కేక కిటికీలోంచి వచ్చింది మరి. క్లాసంతా గొల్లుమంది. తనూ నవ్వేసింది. నవ్వుతూనే చివరి బెంచీ వైపు చూసింది. బుచ్చిరాములు సార్ తల వంచి రాసుకుంటున్నాడు. అరవై మంది నవ్వుతున్న గదిలో ఆయన ఒక్కడే ఎక్కడో దూరంగా, ఒక చెరువు అడుగున కూర్చున్నట్టు ఉన్నాడు. తల ఎత్తాడు, అందరి ముఖాలూ చూశాడు. అప్పుడు నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ ఒక్క క్షణం అరుణను వారమంతా నిద్రపోనివ్వలేదు.

తర్వాతి వారం ఆమె ఒక పని చేసింది. తర్వాత జీవితమంతా సిగ్గుపడింది దానికి. బోర్డు వైపు తిరిగి, లెక్క రాస్తున్నట్టే ఉండి, గట్టిగా అంది: "బుచ్చిరాములు సార్, జర ఆ కిటికీ వెయ్యండి."

వెనక ఏ బెంచీ కదలలేదు. ఆమె తిరిగి చూసింది. ఆయన గడియారం చూసి నోటుపుస్తకంలో అంకె వేసుకుంటున్నాడు. అరవై మంది పిల్లలు తలలు వంచుకున్నారు. రాయమల్లు అని ధర్మసాగర్ నుంచి వచ్చే కుర్రాడు, చివరి బెంచీలో సార్ పక్కనే కూర్చునేవాడు. అతను నెమ్మదిగా లేచి కిటికీ మూసి కూర్చున్నాడు.

క్లాసయ్యాక రాయమల్లు వరండాలో ఆమె పక్కన నడిచాడు.

"మాకెరుకే మేడం."

"ఎప్పటి సంది?"

"సీనియర్లు చెప్పిపోయిన్లు. వాళ్ళకు వాళ్ళ సీనియర్లు. సారుతోని ఎట్ల మాట్లాడాలె, ఎక్కడ నిలవడాలె, అంత చెప్పిపోతరు. బయట మాత్రం ఎవ్వలం అనం." ఆమె వైపు తిరిగాడు. "మీరు గూడ అనరు గద?"

"అననయ్యా," అంది అరుణ.

అనకుండా ఉండాల్సింది. కానీ ఆమెకు ఆయన మీద ప్రేమ పుట్టింది, దానితో పాటు జాలి కూడా. ఇన్నాళ్ళూ తను నేర్చుకున్నదంతా ఆ వినబడని చెవుల్లోంచి వచ్చిందని ఆమెకు అర్థమైంది. ఇటు తిరిగి చెప్పు అంటే, నీ పెదవులు నాకు కనబడనీ అని. బోర్డు మీద రాయి అంటే, నువ్వడిగింది నాకు తెలియనీ అని. ఒక మనిషి తన లోటు చుట్టూ కట్టుకున్న ఇంట్లో పదకొండు మంది టీచర్లు పెరిగారు. అలాంటి మనిషికి ఏదో ఒకటి చేయాలనిపించింది. చెవికి పెట్టుకునే మిషన్లు వస్తున్నాయట, యూనివర్సిటీ వైద్య ఖర్చు కింద ఇప్పిస్తుందట. ఎవరో ఒకరు పై వాళ్ళ చెవిన వేస్తే చాలు. ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆమె శాఖాధిపతి పాండురంగం గదికి వెళ్ళింది. పాండురంగం మంచివాడే, ఫైళ్ళంటే భయం ఉన్న మంచివాడు. ఆయన కుర్చీ వెనక పెద్ద అద్దాల కిటికీ, దాని అవతల వరండా. అరుణ ఆయనకు ఎదురుగా కూర్చుని, తడబడకుండా, ఒక్కో వాక్యమూ నిదానంగా చెప్పింది.

"బుచ్చిరాములు సార్‌కు వినబడదు సార్. అసలే వినబడదు. పెదవులు చూసి తెలుసుకుంటడు. ఎవరికీ తెల్వదు. మిషన్ ఇప్పిస్తే ఆయనకు మంచిగుంటది."

పాండురంగం కళ్ళద్దాలు తీశాడు. "నిజమేనా అమ్మా? పాపం."

అప్పుడు అరుణ తల ఎత్తింది. కిటికీ అవతల వరండాలో నీళ్ళకుండ దగ్గర బుచ్చిరాములు సార్ నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లాసుతో. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమె వెలుగుకు ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక్క మాటా మింగలేదు. ఆయన ఆమెను చూసి చిన్నగా తలూపాడు, ఒక వాక్యం చివరి బెంచీ దాకా చేరినప్పుడు ఊపినట్టే. గ్లాసు కుండ మీద బోర్లించి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది ఎవరూ కావాలని చేసింది కాదు. పాండురంగం సహాయం కోసమే పైకి కాగితం పెట్టాడు. పై ఆఫీసులో ఆ కాగితాన్ని ఇంకోలా చదివారు. వినబడని మనిషి పాఠమెలా చెబుతాడు, ఇతరుల పాఠాల మీద రిపోర్టులెలా రాస్తాడు అని. దవాఖానలో పరీక్ష చేయించారు. రెండు చెవులూ ఎప్పుడో పోయాయని డాక్టర్లు రాసిచ్చారు. ఫిబ్రవరిలో ఆయన్ను క్లాసుల నుంచి తీసి, జవాబు పత్రాలు భద్రపరిచే గోదాముకు వేశారు. జీతం తగ్గలేదు, హోదా తగ్గలేదు. తగ్గింది అరవై ముఖాలు మాత్రమే.

అరుణ మీద ఆయన రాస్తూ వచ్చిన రిపోర్టు చెల్లలేదు. మార్చిలో ఇంకో సీనియర్ వచ్చి ఒక్క గంట కూర్చుని, కునుకు తీసి, 'బాగుంది' అని రాసి సంతకం చేశాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

"మేం అయిదారేండ్ల సంది ఎవ్వలికి అనలే మేడం," అన్నాడు రాయమల్లు ఒకరోజు, బోర్డు మీద సందేహం రాసి, చాక్‌పీసు ఆమె చేతికిస్తూ. గొంతులో కోపం లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. "మీకెట్ల నోరొచ్చింది?"

అరుణ కాశిబుగ్గకు ఒకసారి వెళ్ళింది, ఆ వేసవిలోనే. సార్ ఇంట్లో లేడు. విమలమ్మ గూట్లోంచి ఒక రేకు డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. లోపల దూదిలో చెవి మిషన్.

"హైదరాబాదు పోయి కొన్నడు, ఆరేండ్లయె. పెట్టుకుంటే అంత మోతనే అంటడు, మళ్ళ సాంచెల నడుమ నిలవడ్డట్టుంటదని. మాట మాత్రం అందదాయె." మూత పెట్టేసింది. "నిన్నేమనలేదు బిడ్డా ఆయన. ఎవ్వలినేమనలేదు. మాట్లాడుడే తక్కువ జేసిండు."

ఆ మిషన్ సంగతి తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలేది. ఆ ప్రశ్న ఆమెకు ఎందుకు తట్టలేదో, కాజీపేటకు తిరిగివచ్చే దారంతా వెతుక్కుంది. వినబడనివాణ్ణి ఏమడుగుతాం అనుకుంది కాబోలు. వారానికోసారి ఆయనతో గంటలు మాట్లాడిన మనిషి, ఈ ఒక్క మాట దగ్గర ఆయనకు చెవులు లేవని గుర్తు చేసుకుంది.

గోదాములో బుచ్చిరాములు సార్ ఏడేళ్ళు పనిచేశాడు. కట్టలు కట్టిన కాగితాల మధ్య, ఎత్తయిన ఒకే కిటికీ కింద. అక్కడికి మాట్లాడటానికి ఎవరూ రారు. సంతకం పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు కాగితం వైపే చూస్తారు, ఆయన వైపు చూడరు. పెద్ద గొంతు మెల్లగా చిన్నదైంది. ఆయన సైకిల్ చప్పుడుకు ఇప్పుడెవరూ తల ఎత్తేవారు కాదు. మొగిలి మాత్రం రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు చాయ్ తీసుకుని గోదాముకు పోయేవాడు. ఎదురుగా నిలబడి, చేతులూ పెదవులూ ఊపుతూ, గణితశాఖలో ఆ రోజు ఎవరెవరు ఏమేం అన్నారో కాస్త మసాలా కలిపి చెప్పి వచ్చేవాడు.

అరుణ రోజూ ఆ దారిలోనే వెళ్ళేది. తలుపు ముందు ఆగేది. లోపలికి వెళితే ఆయన తల ఎత్తి నవ్వేవాడు, "పిల్లలెట్లున్నరు?" అనేవాడు. "మంచిగున్నరు సార్," అనేది. ఇంకో మాట పెదవుల దాకా వచ్చేది. ఆయన చూస్తున్నాడని తెలుసు గనక పెదవులు బిగించుకునేది. మాట గొంతులో ఉంటే ఎవరికీ తెలియదు. పెదవుల మీదికొస్తే మాత్రం ఆయనకు తెలిసిపోతుంది. ఇలా ఏడేళ్ళు.

1986లో ఆయన రిటైరయ్యాడు. గోదాములో పనిచేసేవాళ్ళు దండ వేశారు. గణితశాఖ నుంచి పాండురంగం వచ్చి రెండు మాటలు మాట్లాడాడు, పక్కకు తిరిగి. అరుణ చివరి వరుసలో కూర్చుంది.

మరుసటి ఏడాది చలికాలంలో ఒక సాయంత్రం మొగిలి ఆమె దగ్గరికి వచ్చాడు. "సారుకు మంచిగ లేదు మేడం. షుగర్ ఎక్కువైంది. కండ్లు గూడ మసకైనయంట. పోవాలనుకుంటే ఇప్పుడే పోండి."

ఆ వారమే ఆమెను పిలిచి చెప్పారు, వచ్చే జూన్ నుంచి కొత్తగా చేరేవాళ్ళ క్లాసుల్లో ఆమే కూర్చోవాలని. ఎవరితోనూ ఆ మాట పంచుకోలేదు.

కాశిబుగ్గ సందులో సాంచెలు ఆడుతూనే ఉన్నాయి. మంచం నడిమింట్లో వేసి ఉంది. ఆయన ఎముకల గూడులా ఉన్నాడు. విమలమ్మ భుజం తట్టింది. ఆయన కళ్ళు తెరిచి ముఖం వెతికాడు.

"గక్కడ గాదు బిడ్డా, వాకిట్ల వెలుతురున్నది, గటు కూసో," అంది విమలమ్మ. "మంచం మల్లేస్త. వెలుతురుంటేనే ఆయనకు నోరు కనవడ్తది."

ఇద్దరూ కలిసి మంచం తిప్పారు. అరుణ వాకిట్లో పీట వేసుకుని, పడమటి ఎండ ముఖం మీద పడేలా కూర్చుంది. గొణుక్కోవడానికి చీకటి లేదు. తల వంచుకుని అనేందుకు వీల్లేదు, తల వంచితే మాట అందదు. ఎనిమిదేళ్ళు దాచిన మాటను నిండు వెలుగులో, ముఖమెత్తి, ఒక్కో అక్షరం పెదవులతో పలకాలి.

"ఆ రోజు పాండురంగం సార్‌కు చెప్పింది నేనే సార్."

ఆయన చూశాడు. "చూసిన గద," అన్నాడు.

"మీకు మంచి జరుగుతదనుకున్న."

ఆయన తలూపాడు. వీధిలో కరెంటు పోయినట్టుంది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, సందంతా బావిలా అయిపోయింది. ఆయనకు ఆ తేడా తెలియలేదు. ఆమె ముఖం మీదే ఉన్నాయి ఆ మసక కళ్ళు.

"క్లాసుల్లేక బతుకుడు కష్టమైంది," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "కాని ఎన్నటికైనా తెల్సేదే. నేను గూడ అనుకునేటోణ్ణి, ఈ యేడు చెప్పాలె, ఈ యేడు చెప్పాలెనని. గుండె గట్టి చేసుకునేలోపల నువ్వు చెప్పినవ్."

అరుణ ఏడ్చింది. ఏడుస్తూ కూడా ముఖం దించలేదు. విమలమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. ఎండ పీట మీదనుంచి జారి గడప దాటింది. ఇంకాసేపుంటే ఆమె పెదవులు ఆయనకు కనబడవు. లేచి ఆయన పాదాలు ముట్టుకుంది.

పదకొండు రోజుల తర్వాత ఆయన పోయాడు. ఆ లోపల ఆమె మళ్ళీ వెళ్ళలేకపోయింది, పరీక్షల డ్యూటీ పడింది. ఆమె ఆయన్ను చివరిసారి చూసిన ఆ సాయంత్రం, పాదాలు ముట్టుకుని వచ్చి గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు. పాత పెద్ద గొంతు కాదు, అరిగిన గొంతు. ఆమె తిరిగి ఆయన ముఖంలోకి చూసేదాకా ఆగి, అప్పుడు అన్నాడు:

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు బిడ్డా. కాని ఒక్క మాట నన్నడిగి ఉంటే, నేనే పోయి చెప్పుకునేటోణ్ణి."